పర్యావరణ బాధ్యతను వ్యక్తిత్వంలో భాగం చేసుకోవడం ఎలా?

వాతావరణ మార్పు గురించి కలవరపడని యువతీయువకులు ఇప్పుడు తక్కువ. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన ఒక సర్వేలో పది దేశాలకు చెందిన, 16 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న పదివేల మందిని ప్రశ్నించగా, చాలా ఎక్కువగానో విపరీతంగానో ఆందోళన పడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఓ మోస్తరు ఆందోళన ఉన్నవారిని కూడా కలుపుకుంటే ఆ లెక్క 84 శాతానికి చేరింది. కాబట్టి లోపం పట్టింపులో లేదు, ఆ పట్టింపు పనిగా మారే దారిలో ఉంది. విషయం తెలిసి, బాధపడి, నలుగురితో మాట్లాడి, చివరికి రోజువారీ జీవితంలో పాత పద్ధతినే కొనసాగించే వారిని బద్ధకస్తులని కొట్టిపారేయడం సులువే గాని, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ దారి తెగిపోయే చోట ఏం జరుగుతుందో మనస్తత్వశాస్త్రం చాలాకాలంగా పరిశీలిస్తోంది. అందులో తేలిన సంగతులను ఎవరికి వారు ఎలా వాడుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ప్రయత్నం చేసేవారిలో ఎక్కువమంది మొదలుపెట్టే చోటే పొరపాటు ఉందని నా అభిప్రాయం. ముందు తమ ఆలోచన పూర్తిగా మారాలని, తాము పర్యావరణ స్పృహ గల మనుషులమనే నమ్మకం కుదరాలని, ఆ తర్వాత పనులు వాటంతటవే మారతాయని వారు ఎదురుచూస్తుంటారు. వాస్తవంలో ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆ రెండింటిలో ఇవాళే మన చేతిలో ఉన్నది మాత్రం పని. తన గురించి తనకున్న భావన, అంటే ఆత్మభావన, చాలావరకు చేసిన పనుల మీదుగానే ఏర్పడుతుంది.

ఈ వయసు ఇచ్చే అవకాశం

‘నేనెవరిని, దేనికి నిలబడతాను’ అనే ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే కౌమారంలో ప్రధానమైన పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ చెప్పాడు. ఆ వెతుకులాట నేటి సమాజాల్లో ఇరవైల నడిమి దాకా సాగుతోందని, 18 నుంచి 25 ఏళ్ల కాలాన్ని విడిగా ఒక దశగానే చూడాలని 2000లో జెఫ్రీ ఆర్నెట్ ప్రతిపాదించాడు. ఈ దశలో చదువు, ఉద్యోగం, నివాసం, స్నేహితులు అన్నీ మారుతుంటాయి కాబట్టి మనిషికి తన మీద తనకున్న అంచనా కూడా ఇంకా గట్టిపడి ఉండదు. దీన్ని అస్థిరత అని విచారించేవారున్నారు. అలవాట్లు మార్చుకోవాలనుకునేవారికి మాత్రం ఇంతకంటే అనువైన కాలం మళ్లీ సులువుగా దొరకదు.

దీనికి గట్టి ఆధారమే ఉంది. అలవాట్ల మీద విస్తృతంగా పనిచేసిన బాస్ వెర్‌ప్లాంకెన్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 800 మందిని పరిశీలించాడు. వారిలో సగం మంది ఇటీవలే ఇల్లు మారినవారు, మిగతావారు ఉన్నచోటే ఉంటున్నవారు. పర్యావరణానికి మేలుచేసే పద్ధతుల గురించిన ప్రోత్సాహం ఇల్లు మారినవారి మీద ఎక్కువగా పనిచేసింది. అది కూడా మారిన తొలి మూడు నెలల వరకే. ఇల్లు మారినప్పుడు పాత అలవాట్లను నడిపించే గుర్తులన్నీ, అంటే ఆ దారి, ఆ వేళ, ఆ వస్తువులుండే చోటు, ఒక్కసారిగా తొలగిపోతాయి. కొంతకాలం ప్రతి పనినీ ఆలోచించి చేయాల్సి వస్తుంది. ఆలోచన మేలుకొని ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే కొత్త పద్ధతి కుదురుకుంటుంది.

కాబట్టి కొత్త గదిలోకో, కొత్త ఉద్యోగంలోకో, కొత్త చదువులోకో అడుగుపెట్టినప్పుడు ‘ముందు సర్దుకుందాం, తర్వాత చూద్దాం’ అనుకోకండి. మొదటి వారంలోనే మూడు విషయాలు తేల్చుకోండి: రోజూ వెళ్లే చోటికి ఎలా వెళ్తారు, తడి చెత్తనూ పొడి చెత్తనూ ఎక్కడ వేరుచేస్తారు, ఏ వస్తువులను కొనకుండా తోటివారితో పంచుకుంటారు. కొన్ని నెలలు గడిచాక ఇవే నిర్ణయాలు తీసుకోవడానికి మరింత ప్రయత్నం కావాలి. నివాసం మారే అవకాశం లేనివారు పరీక్షల తర్వాత వచ్చే విరామాన్నో, పనివేళలు మారిన సందర్భాన్నో ఇలాగే వాడుకోవచ్చు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. జేమ్స్ మార్షియా 1966లో యువత అస్తిత్వాన్ని పరిశీలించి, సొంతంగా వెతుక్కోకుండా పెద్దలో సమూహమో అందించిన గుర్తింపును అలాగే తొడుక్కునేవారిని ఒక ప్రత్యేక వర్గంగా చూపించాడు. పర్యావరణ విలువలు కూడా అలా అరువు రావచ్చు. స్నేహబృందం మారగానే అవీ మారిపోతే, అవి తమవి కానట్టే. మీ విలువ మీదేనా అని తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పని నేను చేశానని ఎవరికీ ఎప్పటికీ తెలియదంటే, అప్పుడు కూడా చేస్తానా? జవాబు ‘లేదు’ అయినంత మాత్రాన సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ విలువ గురించి ఇంకా చదవాలని, ఇంకా ఆలోచించాలని మాత్రమే దాని అర్థం.

చేసిన పనిని గమనించుకోండి

మనుషులు తమ మనసులోకి నేరుగా తొంగిచూసి తమను తాము తెలుసుకోరని, ఇతరులను అంచనా వేసినట్టే తమ ప్రవర్తనను చూసి తామేమిటో ఊహించుకుంటారని డారిల్ బెమ్ ప్రతిపాదించాడు. మనసులోని భావం స్పష్టంగా లేని చోట ఇది మరింత నిజం. పర్యావరణం విషయంలో చాలామంది పరిస్థితి ఇదే. నెదర్లాండ్స్‌లో ఎల్లెన్ వాన్ డెర్ వెర్ఫ్, లిండా స్టెగ్ తదితరులు చేసిన పరిశోధనల్లో, గతంలో తాము చేసిన పర్యావరణ హితమైన పనులను గుర్తుచేసినప్పుడు తమను తాము పర్యావరణ బాధ్యత గలవారిగా చూసుకునే ధోరణి బలపడినట్టు తేలింది. ఆ పనులు రకరకాలుగా ఉన్నప్పుడు, కొంత కష్టంతో కూడుకున్నప్పుడు ఆ ప్రభావం పెరుగుతుంది. తేలికైన పనిని అందరూ చేస్తారు కాబట్టి, అది చేసినవారి గురించి ఏమీ చెప్పదు. వానలో తడుస్తూ కూడా సైకిలు మీద వెళ్లినవారికి తమ గురించి ఒక సంగతి తెలుస్తుంది.

దీన్ని ఆచరణలో పెట్టడానికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. వారానికొకసారి, ఆ వారం చేసిన పనులను జరిగింది జరిగినట్టు రాయండి. ‘నేను ప్రకృతిని ప్రేమిస్తాను’ వంటి వాక్యాలు అందులో ఉండకూడదు. ‘చెడిపోయిన ఛార్జరు పారేయకుండా బాగుచేయించాను’, ‘మీటింగుకు వెళ్లకుండా వీడియో కాల్‌లో కలిశాను’, ‘గీజర్ ఆపడం రెండుసార్లు మర్చిపోయాను’ అని రాయాలి. మర్చిపోయినవి కూడా రాయడం ముఖ్యం, లేకపోతే ఆ పుస్తకం మీద మీకే నమ్మకం పోతుంది. కొన్ని వారాల తర్వాత వెనక్కి తిరిగి చదివితే, మీ గురించి మీరు చెప్పుకునే మాటకు కింద సాక్ష్యం కనిపిస్తుంది. సాక్ష్యం లేని గొప్ప మాట మొదటి ఎదురుదెబ్బకే కూలిపోతుంది.

బహుమతుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. డబ్బు కోసమో, పాయింట్ల కోసమో చేసిన పనిని మనసు ఆ లెక్కలోనే వేసుకుంటుంది. ‘నేను ఇలాంటి మనిషిని కాబట్టి చేశాను’ అనే ముడి పడదు. బహుమతి ఆగిన రోజున పని కూడా ఆగిపోవడం అందుకే. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ రూపొందించిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం, మనిషిలో ప్రేరణ నిలకడగా ఉండాలంటే మూడు అవసరాలు తీరాలి: నా ఇష్టంతో చేస్తున్నాననే భావం, చేయగలననే భావం, నావాళ్లతో కలిసి ఉన్నాననే భావం. మీరు ఎంచుకున్న ఏ పనినైనా ఈ మూడింటితో సరిచూసుకోండి. మూడింటిలో ఏది లోపించిందో తెలిస్తే, పని ఎందుకు నీరుగారిపోతోందో కూడా తెలుస్తుంది.

సంకల్పానికి వేళ, చోటు కట్టండి

‘ఇకనుంచి కరెంటు వృథా చేయను’ అనే నిర్ణయం మంచిదే గాని, దానికి వేళ లేదు, చోటు లేదు. పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చేసిన పరిశోధనల సారం ఏమిటంటే, ‘ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే జతచేసుకున్న సంకల్పం, కేవలం కోరికగా మిగిలిన సంకల్పం కంటే చాలా మెరుగ్గా నెరవేరుతుంది. ఈ అంశంపై వచ్చిన 94 పరీక్షలను 2006లో కలిపి చూసినప్పుడు కూడా అదే తేలింది. ‘గది తాళం చేతిలోకి తీసుకోగానే స్విచ్‌బోర్డు వైపు ఒకసారి చూస్తాను’ అన్న వాక్యంలో సందర్భం మన కళ్లముందుకు అదే వస్తుంది, దాన్ని గుర్తుపెట్టుకునే భారం మన మీద పడదు.

ఒక పని అలవాటుగా మారడానికి ఇన్ని రోజులని అందరికీ వర్తించే లెక్క లేదు. 21 రోజులు చాలన్న మాట ప్రచారంలో ఉన్నా, 2010లో ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, మరికొందరికి 254 రోజులు పట్టవచ్చని అంచనా వేశారు. అదే అధ్యయనంలో అంతకంటే ఊరట కలిగించే సంగతి ఇంకొకటి ఉంది: ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. మూడోవారంలో ఒకసారి తప్పినందుకే ‘ఇది నా వల్ల కాదు’ అని వదిలేసేవారు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మాటకూ చేతకూ మధ్య దూరం

లియోన్ ఫెస్టింగర్ 1957లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, నమ్మినదానికీ చేసినదానికీ పొంతన కుదరనప్పుడు మనిషికి అసౌకర్యం కలుగుతుంది. దాన్ని తగ్గించుకోవడానికి అతడు ప్రవర్తననైనా మార్చుకుంటాడు, నమ్మకాన్నైనా సడలించుకుంటాడు. ‘నేనొక్కడిని మారితే ఏమవుతుంది’, ‘పెద్ద కంపెనీలు చేసేదాని ముందు ఇదెంత’ వంటి మాటలు చాలాసార్లు ఈ రెండో దారిలో పుట్టినవే. అందులో కొంత నిజం లేకపోలేదు, అయితే ఆ నిజం మనకు సరిగ్గా ఎప్పుడు గుర్తొస్తోందో గమనించుకోవాలి.

ఈ అసౌకర్యాన్ని మేలుకు వాడుకోవచ్చని 1992లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. నీటి కొరత ఉన్న కాలంలో, శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈతకొలను నుంచి స్నానాల గదికి వెళ్తున్న విద్యార్థినులను పరిశోధకులు ఆపారు. కొందరిని నీటి వాడకంలో వారి అలవాట్ల గురించి ప్రశ్నించారు, కొందరిచేత ‘తక్కువసేపు స్నానం చేయండి’ అని ఇతరులను కోరే పోస్టరు మీద సంతకం పెట్టించారు, మరికొందరిచేత ఈ రెండూ చేయించారు. స్నానాల గదిలో ఉన్న మరో పరిశోధకురాలు ఎవరికీ తెలియకుండా ఒక్కొక్కరి షవరు ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టింది. ఏమీ చేయించనివారు సుమారు ఐదు నిమిషాలు స్నానం చేయగా, తమ వృథాను తామే గుర్తుచేసుకుని, ఆపై ఇతరులకు హితవు చెప్పినవారు సుమారు మూడు నిమిషాల 40 సెకన్లకే ముగించారు. వారిని ఎవరూ మందలించలేదు, భయపెట్టలేదు. చెప్పిన మాటా చేస్తున్న పనీ ఒకేసారి ఎదురుపడ్డాయి, అంతే.

దీన్ని మీ మీద మీరు ప్రయోగించుకునేటప్పుడు మోతాదు మించకూడదు. వారంలో ఒక్క అలవాటును తీసుకుని, దాని గురించి తమ్ముడికో స్నేహితురాలికో మీరేం చెబుతారో ఒక వాక్యం రాసి, ఆ పక్కనే ఆ వారం మీరు చేసింది రాయండి. రెండింటికీ దూరముంటే ఆ దూరాన్ని తగ్గించే తర్వాతి అడుగు మూడో వాక్యంగా రాయండి. మూడో వాక్యం లేకుండా వదిలేస్తే మిగిలేది అపరాధభావం మాత్రమే. అది ముదిరితే మనిషి ఆ విషయాన్ని తలచుకోవడమే మానేస్తాడు.

బరువైన పనులను గుర్తించండి

మంచిపని చేశామన్న తృప్తి ఆ తర్వాతి తప్పుకు అనుమతిపత్రంగా మారే ప్రమాదం ఉందని బెనోయిట్ మోనిన్, డేల్ మిల్లర్ 2001లో చూపించారు. గుడ్డసంచి తీసుకెళ్లినందుకు మనసు తేలికపడి, అవసరం లేని నాలుగు వస్తువులతో అదే సంచి నింపుకొని రావడం ఈ కోవలోనిదే. దీనికి రెండు విరుగుడులున్నాయి. మొదటిది, చేసిన పనిని ‘పుణ్యం’గా లెక్కవేసుకోకుండా ‘నేను చేసే తీరు ఇది’ అని చూసుకోవడం. రెండోది, ఏ పని ఎంత బరువో తెలుసుకోవడం.

సేథ్ వైన్స్, కింబర్లీ నికొలస్ 2017లో సంపన్న దేశాల జీవనశైలిని లెక్కగట్టి చూశారు. కారు లేకుండా జీవిస్తే ఏడాదికి సుమారు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు తగ్గుతాయి. అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి వెళ్లివచ్చే ఒక్క విమాన ప్రయాణాన్ని మానుకుంటే 1.6 టన్నులు, పూర్తిగా మొక్కల ఆధారిత ఆహారానికి మారితే ఏడాదికి 0.8 టన్నులు తగ్గుతాయి. చెత్తను రీసైక్లింగుకు ఇవ్వడం వల్ల కలిగే ఫలితం వీటికి చాలా దిగువన ఉంటుంది. ఈ అంకెలు ప్రతి ఒక్కరికీ అలాగే వర్తించవు. కారే లేనివారికి కారు మానడం అనే ప్రశ్న రాదు. మీరు చేయాల్సింది మీ జీవితంలో ప్రయాణం, ఆహారం, కరెంటు, కొనుగోళ్లు అనే నాలుగింటిలో దేని వాటా పెద్దదో గుర్తించి, ఏడాదికి ఒక్క పెద్ద నిర్ణయమైనా అక్కడ తీసుకోవడం. చిన్న పనులు ఆత్మభావనను నిలబెడతాయి, ఉద్గారాలను తగ్గించేది మాత్రం ప్రధానంగా ఆ పెద్ద నిర్ణయమే. ఈ రెండు ప్రయోజనాలనూ కలగాపులగం చేయకపోతే నిరాశ కూడా తగ్గుతుంది.

చుట్టూ ఉన్నవారి ప్రభావం

యువత ప్రవర్తనను మలిచే అంశాల్లో చుట్టూ ఉన్నవారి ప్రభావానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ‘అందరూ పాడుచేస్తున్నారు’ అని వాపోవడం కూడా పాడుచేయడానికి ప్రోత్సాహమే అవుతుందని రాబర్ట్ చియాల్డీనీ బృందం అరిజోనాలోని శిలారణ్య జాతీయ ఉద్యానవనంలో నిరూపించింది. గతంలో ఎందరో సందర్శకులు శిలగా మారిన చెక్కముక్కలను తీసుకెళ్లారని తెలిపే బోర్డు పెట్టిన దారుల్లో, గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లవద్దని కోరే బోర్డు ఉన్నచోట పోయినవి 2 శాతం లోపే. మరో ప్రయోగం ఒక హోటల్లో జరిగింది. పర్యావరణం కోసం తువ్వాళ్లను మళ్లీ వాడమని కోరినప్పుడు 37 శాతం మంది వాడగా, ఇదే గదిలో దిగిన అతిథుల్లో ఎక్కువమంది అలా వాడారని తెలిపినప్పుడు 49 శాతం మంది వాడారు.

అందుచేత హాస్టల్లోనో ఆఫీసులోనో ఎవరినైనా ఒప్పించాలనుకున్నప్పుడు, చేయనివారి సంఖ్యను చాటకండి. చేస్తున్నవారు కొద్దిమందే అయినా వారిని చూపండి. ‘మన అంతస్తులో ఆరు గదులవాళ్లు చెత్త వేరుచేస్తున్నారు, కిందటి నెల ఇద్దరే ఉండేవారు’ అన్న మాటలో నిజం ఉంది, ఊపు కూడా ఉంది. మీ విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. మీ విలువలను వెటకారం చేసే గుంపులో ఒంటరిగా నిలవడానికి చాలా శక్తి ఖర్చవుతుంది, కాబట్టి కనీసం ఇద్దరు ముగ్గురు భావసారూప్యం ఉన్నవారిని వెతుక్కోండి. ఫొటోలు పెట్టడం తప్పు కాదు. అయితే పెట్టడం మానేసినా కొనసాగే పనులు మీ జాబితాలో సగమైనా ఉండేలా చూసుకోండి.

ఆందోళన ముదిరినప్పుడు

మొదట చెప్పిన సర్వేలోనే 45 శాతానికి పైగా యువత ఈ ఆందోళన తమ రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని చెప్పారు. స్వీడన్ పరిశోధకురాలు మారియా ఓజాలా యువత దీన్ని ఎదుర్కొనే తీరులను పరిశీలించి, సమస్యను తేలిక చేసుకుని దూరం జరిగేవారిలో బాధ్యతాయుత ప్రవర్తన తక్కువగానూ, పరిస్థితి తీవ్రతను ఒప్పుకుంటూనే అందులో ఆశకు ఆధారాలను వెతుక్కునేవారిలో ఎక్కువగానూ ఉన్నట్టు గుర్తించింది. అలాంటి ఆశకు పునాది ఆల్బర్ట్ బండూరా చెప్పిన స్వీయసామర్థ్య భావన. అది ప్రధానంగా చేసి సాధించిన అనుభవం నుంచి, ఆపై తనలాంటివారు సాధించగా చూడటం నుంచి వస్తుంది. ఒంటరిగా వార్తలు చదువుతూ గడిపే గంటలో సగాన్ని, పదిమందితో కలిసి చేసే ఒక నిర్దిష్టమైన పనికి మళ్లించండి. ఆ పని ఒక కాలువగట్టును శుభ్రపరచడం కావచ్చు, కాలేజీ యాజమాన్యానికి కరెంటు వాడకంపై వినతిపత్రం ఇవ్వడం కావచ్చు. నిద్ర, తిండి, చదువు దెబ్బతినేంతగా బాధ ముదిరితే మాత్రం మానసిక ఆరోగ్య నిపుణులను కలవాలి. అది బలహీనత కాదు.

అలాగే మీ చేతిలో లేనివాటికి మిమ్మల్ని మీరు దోషులుగా నిలబెట్టుకోవద్దు. బస్సు రాని చోట బస్సెక్కలేదని బాధపడటం కంటే, బస్సు కావాలని అడిగేవారిలో ఒకరు కావడం మేలు.

బోధించేవారు, తల్లిదండ్రులు

యువత చేసిన పనిని మెచ్చుకునేటప్పుడు బహుమతితో ముగించకుండా, ఆ పనిలో వారి సొంత నిర్ణయం ఎంతుందో గుర్తించి చెప్పండి. ‘ఈ పద్ధతి నీకు నువ్వే ఆలోచించి మొదలుపెట్టావు’ అన్న ఒక్క మాట, పతకం చేయలేని పని చేస్తుంది. ఆజ్ఞలు తగ్గించి రెండు మూడు దారులు చూపి, ఎంచుకోవడం వారికే వదలండి. వారు ఎంచుకున్నది మీరు ఎంచుకునేది కాకపోవచ్చు. అది మధ్యలో విఫలమైతే వెంటనే దిద్దడానికి పూనుకోకుండా, ఏం గమనించారో వారినే అడిగి, వారు చెప్పేది పూర్తిగా విని, తర్వాతి ప్రయత్నం ఎప్పుడు, ఎక్కడ చేస్తారో వారిచేతనే ఒక కాగితం మీద రాయించండి.